నఖోన్ సి తమ్మరాత్: ఈశాన్య వానల కాలంలో ఒక దక్షిణ థాయ్ నగరం

థాయ్‌లాండ్‌కు ఏ నెలల్లో వెళితే బాగుంటుందని అడిగినవారికి నవంబరు మొదలుకొని ఫిబ్రవరి దాకా అన్న జవాబు సిద్ధంగా దొరుకుతుంది. వానలు వెనకబట్టి, ఎండ మెత్తబడి, పగలంతా తిరగడానికి హాయిగా ఉండే కాలమని చెప్పే ఆ మాట బ్యాంకాక్‌కూ, చియాంగ్ మాయ్‌కూ సరిపోతుంది. పడమటి తీరంలోని ఫుకెట్, క్రాబీలకు కూడా నవంబరు గడిచేసరికి వర్తిస్తుంది. కానీ ద్వీపకల్పానికి తూర్పు ఒడ్డున, థాయ్‌లాండ్ సింధుశాఖ వైపు ఉన్న నఖోన్ సి తమ్మరాత్ నగరం విషయంలో అదే మాట తిరగబడుతుంది. దేశమంతా పొడిబారుతున్న నవంబరు నెలలోనే ఈ నగరంలో సగటున 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన కురుస్తుంది. హైదరాబాదులో ఏడాది పొడవునా కురిసే వానలో ఇది ఇంచుమించు నాలుగింట మూడు వంతులు.

అందుచేత ఈ కాలంలో ఈ నగరానికి వెళ్లడమే తప్పని తేల్చేయడం సరికాదు. వాన ఎందుకు పడుతుందో, ఎన్నాళ్లు పడుతుందో, ఏ వారాల్లో ప్రమాదకరంగా మారుతుందో తెలుసుకుని వెళ్లేవారికి నఖోన్ సి తమ్మరాత్ తన అసలు స్వరూపాన్ని ఈ కాలంలోనే చూపిస్తుంది. సముద్రతీర విహారానికి మాత్రమే వెళ్లదలచినవారు ఈ నెలల్లో అటు వెళ్లకపోవడమే మేలు. చరిత్ర కోసం, ఆలయాల కోసం, తిండి కోసం, చేతిపనుల కోసం వెళ్లేవారు మాత్రం వానను లెక్కలో వేసుకుని ప్రణాళిక వేసుకోవచ్చు.

మే నెల మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు వీచే నైరుతి రుతుపవనాలు అండమాన్ సముద్రం మీదుగా వచ్చి పడమటి తీరాన్ని, అంటే రనోంగ్, ఫుకెట్ ప్రాంతాలను తడుపుతాయి. అక్టోబరు మధ్య నుంచి గాలి దిశ మారుతుంది. చైనా మీద ఏర్పడే అధిక పీడనం నుంచి బయలుదేరిన చల్లని పొడిగాలి దక్షిణ చైనా సముద్రం, థాయ్‌లాండ్ సింధుశాఖల మీదుగా వచ్చేసరికి తేమతో బరువెక్కుతుంది. ద్వీపకల్పం నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగే నఖోన్ సి తమ్మరాత్ పర్వతశ్రేణి, అందులో దక్షిణ థాయ్‌లాండ్‌లోకెల్లా ఎత్తైన ఖావో లువాంగ్ శిఖరం, ఆ గాలిని అడ్డుకుని పైకి లేపుతాయి. లేచిన గాలి చల్లబడి, మోసుకొచ్చిన తేమనంతా తూర్పు వాలు మీదే వదిలేస్తుంది. నెల్లూరు, తిరుపతి జిల్లాల పాఠకులకు ఈ కాలం కొత్తేమీ కాదు. నైరుతి కంటే ఈశాన్యమే అక్కడి చెరువులు నింపుతుంది, ఇక్కడా అంతే.

ఈ వాన రోజూ ఒకే తీరున కురవదు. ఉత్తరాన అధిక పీడనం బలపడినప్పుడల్లా గాలి ఊపందుకుని, సింధుశాఖలో అలలు ఎగసి, రెండు మూడు రోజుల నుంచి ఐదారు రోజుల దాకా ఎడతెరిపి లేని ముసురు పడుతుంది. పీడనం తగ్గగానే తెరిపి ఇస్తుంది, ఎండ కూడా కాస్తుంది. బ్యాంకాక్‌లో జనం ఈ ఏడాది చలి బాగా పడిందని సంతోషించే రోజులూ, దక్షిణాన వరద హెచ్చరికలు వెలువడే రోజులూ తరచుగా ఒకటే కావడానికి కారణం ఇదే. థాయ్ వాతావరణ శాఖ ప్రకటనల్లో ఉత్తర ప్రాంతాల చలిగాలుల ప్రస్తావన, దక్షిణ ప్రాంతాల భారీ వర్షాల ప్రస్తావన పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ ప్రకటనలు ఇంగ్లీషులోనూ వస్తాయి. ఈ కాలంలో దక్షిణానికి బయలుదేరేవారికి హోటల్ సమీక్షల కంటే అవే ఎక్కువ పనికొస్తాయి.

ఇది చల్లని కాలమన్న మాటను కూడా కొంచెం తగ్గించి అర్థం చేసుకోవాలి. డిసెంబరులో పగటి వేడి 29 డిగ్రీల దగ్గర, రాత్రి వేడి 22, 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. స్వెటర్ అక్కరలేదు. ఏప్రిల్ నెల ఉక్కతో పోలిస్తే మాత్రం హాయిగానే ఉంటుంది. అసలు ఇబ్బంది గాలిలోని తేమతో వస్తుంది. ఉతికిన బట్టలు ఆరవు, తడిసిన బూట్లు మర్నాటికీ తడిగానే ఉంటాయి. ఆలయాల్లో ఎలాగూ చెప్పులు విప్పాలి కాబట్టి, తేలిగ్గా విప్పి తొడుక్కోగల రబ్బరు చెప్పులు, త్వరగా ఆరే పలుచని బట్టలు, నీరు చొరని సంచి ఉంటే చాలు.

నగరం ఉన్న చోటును గమనిస్తే వానకూ దానికీ ఉన్న పాత సంబంధం తెలుస్తుంది. పాత పట్టణమంతా సముద్రానికి సమాంతరంగా ఉత్తర దక్షిణాలుగా సాగే పొడవైన ఇసుక దిబ్బ మీద కట్టినది. పడమట కొండలు, తూర్పున పల్లపు పొలాలు, వాటికి అవతల సముద్రం. కొండల మీద కురిసిన నీరు థా డీ కాలువ వంటి వాగుల ద్వారా నగరాన్ని దాటుకునే సముద్రానికి పోవాలి. ఎత్తుగా ఉన్న ఇసుక నేల నీటిని త్వరగా పీల్చుకుంటుంది. అందుకే పూర్వులు ప్రాకారాన్నీ, మహాధాతువును, అంటే బుద్ధుని దేహావశేషాన్ని, ప్రతిష్ఠించిన స్తూపాన్నీ, బ్రాహ్మణ ఆలయాలనూ ఆ దిబ్బ వెంటే కట్టుకున్నారు. ఇప్పటి రాచదమ్నోన్ రోడ్డు దాని మీదుగానే పోతుంది. దిబ్బకు ఇరువైపులా తర్వాతి కాలంలో విస్తరించిన పల్లపు కాలనీలు వరద వచ్చినప్పుడు ముందుగా మునుగుతాయి. బస ఎంచుకునేటప్పుడు అద్దె ఎంత అన్నదానితో పాటు ఆ చోటు దిబ్బ మీద ఉందా, పల్లంలో ఉందా అని కూడా చూసుకోవడం అవసరం.

నగరానికి కేంద్రమైన వాట్ ఫ్రా మహాథాత్ ఆలయాన్ని వానలో చూడటానికి ప్రత్యేకమైన వీలుంది. శ్రీలంక పద్ధతిలో గంట ఆకారంలో లేచిన ప్రధాన స్తూపం చుట్టూ చిన్న స్తూపాలు గుంపుగా నిలబడి ఉంటాయి. వాటిని చుట్టి కప్పు ఉన్న వసారాలు, వసారాల్లో వరుసగా కూర్చున్న బుద్ధ విగ్రహాలు. స్తూపం పైకి మెట్లున్న మందిరంలో సిద్ధార్థుడు గుర్రం ఎక్కి ఇల్లు విడిచి వెళ్లే ఘట్టాన్ని గోడ మీద ఉబ్బెత్తు శిల్పంగా మలిచారు. బయట జల్లు కొడుతున్నా ఈ వసారాల్లో నిదానంగా నడుస్తూ ఒక్కొక్క విగ్రహాన్నీ చూసుకోవచ్చు. ఎండాకాలంలో కాళ్లు కాల్చే నాపరాళ్ల ఆవరణ ఈ కాలంలో చల్లగా ఉంటుంది. స్తూప శిఖరానికి బంగారు తొడుగు ఉంది. మబ్బు పట్టిన ఆకాశం కింద ఆ బంగారం ఎండలో కంటే స్పష్టంగా కనబడుతుందంటే అతిశయోక్తి కాదు.

ఈ స్తూపం పుట్టుక గురించి స్థానికులు చెప్పుకునే కథలో తెలుగువారికి ఆసక్తి కలిగించే ముక్క ఒకటుంది. దంతపురం నుంచి ఒక రాకుమారుడూ రాకుమార్తె బుద్ధుని దంతధాతువును లంకకు చేర్చడానికి ఓడ ఎక్కారనీ, ఓడ బద్దలై వారు ఈ ఇసుక తీరానికి కొట్టుకొచ్చారనీ, ధాతువును ఇక్కడి ఇసుకలోనే దాచారనీ ఆ కథ చెబుతుంది. కళింగ రాజధాని దంతపురం ఎక్కడిదన్న దానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. కొందరు పూరీ అంటే, మరికొందరు శ్రీకాకుళం జిల్లాలోని దంతవక్త్రుని కోట అంటారు. ఐతిహ్యాన్ని చరిత్రగా తీసుకోనక్కరలేదు. అయినా, తమ నగరపు అతి పవిత్రమైన కట్టడం కళింగ తీరం నుంచి వచ్చిన ఓడ ప్రమాదంతో మొదలైందని ఒక జనసమూహం శతాబ్దాలుగా నమ్ముతూ వచ్చిందంటే, బంగాళాఖాతపు రెండు ఒడ్ల మధ్య గాలివాటున సాగిన రాకపోకల జ్ఞాపకం అందులో మిగిలి ఉందనుకోవచ్చు. నైరుతి గాలులతో తూర్పుకు వచ్చిన వర్తకులు ఈశాన్య గాలులు మొదలయ్యేదాకా ఆగి తిరుగు ప్రయాణం కట్టేవారు. ఈనాడు పర్యాటకులు తప్పించుకోవాలనుకునే గాలి ఆనాటి వర్తకులను ఇళ్లకు చేర్చిన గాలి.

ఆ రాకపోకల ఆనవాళ్లు రాచదమ్నోన్ రోడ్డు మీదే దొరుకుతాయి. రోడ్డుకు ఒకవైపు శివునికి, ఎదురుగా విష్ణువుకు చిన్న ఆలయాలున్నాయి. శివాలయం పక్కన బ్యాంకాక్‌లోని పెద్ద ఊయల స్తంభాలను పోలిన ఎర్రని స్తంభాలు నిలబెట్టారు. మహాథాత్ ఆలయానికి దక్షిణంగా ఉన్న జాతీయ మ్యూజియంలో ఈ ప్రాంతంలో దొరికిన తొలికాలపు విష్ణు విగ్రహాలున్నాయి. శంఖాన్ని నడుముకు ఆనించి పట్టుకున్న ఈ రకపు విగ్రహాలను కళా చరిత్రకారులు కృష్ణా లోయ శిల్ప సంప్రదాయంతో పోల్చి చర్చించారు. వాన ఆగని ఒక పూటను పూర్తిగా ఈ మ్యూజియానికి కేటాయించడం మంచిది. థాయ్ జాతీయ మ్యూజియాలు సాధారణంగా సోమ, మంగళవారాల్లో మూసి ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి.

నాంగ్ తలుంగ్ అనే దక్షిణ థాయ్ తోలుబొమ్మలాటకు ఈ నగరం పెట్టింది పేరు. 2006లో జాతీయ కళాకారుడి గౌరవం పొందిన సుచార్ట్ సబ్సిన్ తన ఇంటినే బొమ్మల మ్యూజియంగా మార్చారు. ఆయన 2015లో కన్నుమూశాక కుటుంబం దాన్ని నడుపుతూ వచ్చింది. బొమ్మ తయారీని అక్కడ దగ్గర నుంచి చూడవచ్చు. పలుచగా గీసి ఆరబెట్టిన తోలును మొద్దు మీద పరిచి, సన్నని గుండ్రటి ఉలిని సుత్తితో కొడుతూ చిల్లు తర్వాత చిల్లు వేస్తారు. ఆ చిల్లుల వరుసే చీర అంచు అవుతుంది, కిరీటం అవుతుంది. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట బొమ్మలతో పోలిస్తే ఇవి చాలా చిన్నవి. అక్కడి బొమ్మ నిలువెత్తు మనిషిలా రంగుల కాంతితో తెర నింపితే, ఇక్కడి బొమ్మ మూరెడు పొడవుండి నీడతోనే కథ చెబుతుంది. మన జుట్టుపోలిగాడు, బంగారక్కల వంతు ఇక్కడ థెంగ్, నూ నుయ్ అనే హాస్యపాత్రలది. ఆ పాత్రలకు మాత్రం కింది దవడ విడిగా చేసి దారం కడతారు. దారం లాగితే నోరు ఆడుతుంది. ఊరి సమస్యల నుంచి రాజకీయాల దాకా సూటిగా మాట్లాడే హక్కు ఆ నోటిదే. పూర్తి ప్రదర్శనలు ఆరుబయట జాతర్లలో రాత్రిపూట జరుగుతాయి కాబట్టి ముసురు రోజుల్లో అవి దొరకడం కష్టం. మ్యూజియంలో చూపించే చిన్న ప్రదర్శనతోనే తృప్తిపడాలి.

పండుగలు కూడా వానకు ముందూ వెనకా అమరి ఉన్నాయి. పదో చాంద్రమాసపు కృష్ణపక్షంలో, మన మహాలయ పక్షం వచ్చే రోజులకు దగ్గరగా, చనిపోయిన పెద్దలు ఇళ్లకు వస్తారన్న నమ్మకంతో జరిపే పదో నెల పండుగ ఈ నగరానిదే పెద్దది. పెద్ద వానలు మొదలు కాకముందే అది ముగుస్తుంది. పొడవాటి పసుపు గుడ్డను ఊరేగించి మహాధాతు స్తూపానికి చుట్టే వేడుక మాఘ పూర్ణిమనాడు, అంటే ఫిబ్రవరి ప్రాంతంలో, వానలు తగ్గాక వస్తుంది. నడుమ ఉన్న నవంబరు, డిసెంబరు నెలల్లో నగరం తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. జనసమ్మర్దం ఇష్టం లేనివారికి అది అనుకూలమే.

తిండి విషయంలో ఈ కాలం ఏమీ లోటు చేయదు. సేమియాలా సన్నగా వత్తిన బియ్యపు పోగులను చుట్టలుగా పెట్టి, పసుపు, కొబ్బరిపాలు, చేప గుజ్జు కలిపి కాచిన పులుసు పోసి ఇచ్చే ఖనోమ్ చీన్ ఇక్కడి ఉదయపు ఆహారం. దానితో పాటు పచ్చి దోస ముక్కలు, మొలకలు, లేత జీడిమామిడి చిగుళ్లు, ఊరవేసిన కూరలు ఒక పెద్ద పళ్లెం నిండా బల్ల మీద పెడతారు, ఎంత కావాలంటే అంత తుంచి కలుపుకోవచ్చు. కారం, పులుపు దండిగా ఉండే దక్షిణ థాయ్ వంట తెలుగు నాలుకకు బ్యాంకాక్ వంట కంటే దగ్గరగా ఉంటుంది. శాకాహారులు మాత్రం జాగ్రత్త పడాలి. కూరలో మాంసం కనబడకపోయినా రొయ్యల ముద్ద, చేపల పులుసునీరు దాదాపు ప్రతి వంటలోనూ ఉంటాయి. గుడ్డు, చేప, వెల్లుల్లి కూడా తగలని వంట కావాలంటే ‘జే’ అని అడగాలి. పసుపు రంగు జెండా మీద ఎర్రగా ఆ అక్షరాలు రాసి ఉన్న దుకాణాలు అలాంటివే.

ఇంతవరకు చెప్పినది నగరంలోపలి సంగతి. నగరం దాటి కొండల వైపు వెళ్లదలచినవారు 1988 నవంబరును తెలుసుకుని తీరాలి. ఆ నెలలో కురిసిన కుండపోతకు ఫిపున్ ప్రాంతంలో, అడవి నరికి రబ్బరు వేసిన కొండవాలులు జారిపడి, బురదతో పాటు నరికిన దుంగలు కూడా దొర్లి వచ్చి కాథున్ గ్రామాన్ని కప్పేశాయి. వందల మంది ప్రాణాలు పోయాయి. ఆ విషాదం దేశాన్ని ఎంతగా కదిలించిందంటే, 1989 జనవరిలో ప్రభుత్వం సహజ అడవుల్లో కలప నరకడాన్ని దేశమంతటా నిషేధించింది. ఖావో లువాంగ్ పాదాన ఉన్న ఖిరివాంగ్ గ్రామం కూడా ఆ వరదలో దెబ్బతింది. మంగుస్తాన్ తోటలకూ, ఆకుల రంగులతో అద్దే బట్టలకూ పేరుపొందిన ఆ గ్రామానికి తెరిపి ఉన్న రోజున వెళ్లి రావడం ఎంతో బాగుంటుంది. కానీ రాత్రంతా వాన పడిన మర్నాడు వాగు పక్కన బస చేయడం గానీ, జలపాతాల దగ్గరికి పోవడం గానీ మంచిది కాదు. జాతీయ ఉద్యానవనాల వారు దారి మూసేస్తే ఆ మాటకు కట్టుబడాలి.

సముద్రం వైపు లెక్క మరింత కఠినం. 1962 అక్టోబరులో హారియెట్ తుపాను పాక్ ఫనాంగ్ వద్ద తలుంఫుక్ భూశిరం మీద విరుచుకుపడి దాదాపు 900 మందిని బలిగొంది. 2019 జనవరి 4న పాబుక్ తుపాను కూడా పాక్ ఫనాంగ్ దగ్గరే తీరం దాటింది. ముందుగానే వేల మందిని తరలించడం వల్ల ఈసారి ప్రాణనష్టం చాలా తక్కువ. ఇంకాస్త ఉత్తరాన 1989 నవంబరు 4న చుంఫోన్‌ను తాకిన గే తుపాను ద్వీపకల్పాన్ని దాటి బంగాళాఖాతంలో మళ్లీ బలం పుంజుకుని, నాలుగు రోజుల తర్వాత నెల్లూరు జిల్లా కావలి దగ్గర తీరాన్ని తాకింది. ఆ జిల్లాలో దాన్ని కావలి తుపానుగానే గుర్తుంచుకున్నారు. ఖనోమ్, సిచోన్ తీరాల్లో గులాబీ డాల్ఫిన్లను చూపించే పడవలు ఈ నెలల్లో గాలిని బట్టి ఆగిపోతాయి. కోహ్ సముయి పడవలకూ అంతరాయాలు వస్తాయి. ఎర్ర జెండా ఎగురుతున్న చోట మోకాలి లోతు నీటిలోకి కూడా దిగకూడదు.

చాలామంది నఖోన్‌తో పాటు హాట్ యాయ్‌ను కూడా ఒకే ప్రయాణంలో కలుపుకుంటారు. అదే తీరపు వాన అయినా హాట్ యాయ్ నైసర్గిక స్థితి వేరు. కొండల నడుమ గిన్నెలాంటి పల్లంలో ఉన్న ఆ నగరం గుండా ఉ తపావో కాలువ సాంగ్‌ఖ్లా సరస్సుకు పోతుంది. చుట్టుపక్కల కురిసిన నీరంతా అక్కడికే చేరుతుంది. 2000 నవంబరు వరద తర్వాత నీటిని మళ్లించడానికి ప్రత్యేక కాలువ తవ్వారు. 2010 నవంబరులో మళ్లీ మునిగాక దాన్ని వెడల్పు చేశారు. అయినా 2025 నవంబరు 21న ఒక్కరోజులో 335 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు ఆ ఏర్పాట్లు చాలలేదు. వందకు పైగా ప్రాణాలు పోయాయి, మలేషియా నుంచి వచ్చిన పర్యాటకులు వేల సంఖ్యలో హోటళ్లలో చిక్కుకున్నారు. మూడు వరదలూ నవంబరులోనే వచ్చాయి. కాబట్టి ఆ నెల రెండో సగంలో హాట్ యాయ్‌లో బస పెట్టుకోకపోవడమే వివేకం.

ఇక వారాల సంగతి. అక్టోబరు రెండో సగంలో వానలు మొదలవుతాయి, నవంబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా అవి ఉధృతంగా ఉంటాయి. ఆ నెల రోజులూ మార్చుకోలేని టిక్కెట్లతో, చిన్నపిల్లలతో, వృద్ధులతో వెళ్లడం భావ్యం కాదు. డిసెంబరు చివర నుంచి తెరిపి రోజులు పెరుగుతాయి, జనవరి రెండో సగం వానాకాలపు పచ్చదనం చూడటానికీ తిరగడానికీ అన్నిటికంటే అనువైన సమయం. అయినా 2017 జనవరి ఆరంభంలో రన్‌వే మీదికి నీరు చేరి నఖోన్ విమానాశ్రయాన్ని మూసివేయవలసి వచ్చిన సంగతి మరువరాదు. ముసురు పట్టి వదలకపోతే కొండలు దాటి పడమటి వైపున ఉన్న త్రాంగ్‌కో, క్రాబీకో పోవచ్చు. రోడ్డు మీద రెండు మూడు గంటల దూరంలో అదే రోజున ఎండ కాస్తూ ఉండటం ఈ ద్వీపకల్పంలో మామూలు విషయం.

రాకపోకలకు బ్యాంకాక్ డాన్ మువాంగ్ నుంచి విమానంలో గంటంబావు పడుతుంది. రైలు ప్రయాణం 800 కిలోమీటర్లకు పైన, పదిహేను పదహారు గంటలు అనుకోవాలి. దక్షిణాదికి పోయే దూరపు రైళ్లు 2023 జనవరి నుంచి బ్యాంకాక్‌లోని క్రుంగ్ థేప్ అఫివత్ స్టేషన్ నుంచే బయలుదేరుతున్నాయి. ప్రధాన మార్గం నుంచి ఖావో చుమ్ థోంగ్ దగ్గర చీలిన చిన్న శాఖ మీద నఖోన్ చివరి స్టేషన్. వరద వచ్చినప్పుడు పట్టాల మీద నీరు చేరి రైళ్లు మధ్యలోనే ఆగిపోతాయి, లేదా రద్దవుతాయి. అందువల్ల హైదరాబాదుకో, విశాఖపట్నానికో పోయే అంతర్జాతీయ విమానాన్ని నఖోన్ నుంచి బ్యాంకాక్ చేరే రోజునే పెట్టుకోకూడదు. కనీసం ఒక రాత్రి బ్యాంకాక్‌లో బస ఉండేలా, వీలైతే రెండు రాత్రులు ఉండేలా టిక్కెట్లు తీసుకోవాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు వాతావరణం వల్ల కలిగే జాప్యాలకూ రద్దులకూ అది వర్తిస్తుందో లేదో పాలసీ షరతుల్లో చదివి చూసుకోవాలి. తుపాను హెచ్చరిక వెలువడిన తర్వాత తీసుకున్న బీమా సాధారణంగా ఆ తుపానుకు వర్తించదు.